ఫర్నిష్డ్ లగ్జరీ ఫ్లాట్ అద్దెకు: హైదరాబాద్ కోకాపేట వైపు చాలాకాలం ఉండి చూశాక

నానక్‌రామ్‌గూడ, కోకాపేట, నార్సింగి టవర్లలో ఫుల్లీ ఫర్నిష్డ్ ఫ్లాట్ చూడబోతే ముందు కంటపడేవి ఇటాలియన్ మార్బుల్, సీలింగ్ లైట్లు, గోడంత టీవీ. ఏడాది తిరిగేసరికి వాటిని ఎవరూ పట్టించుకోరు. అప్పటికి రోజూ పని పెట్టేవి గీజరు, సింకు కింది అర, పడమటి బెడ్రూం ఏసీ. వీటి రిపేరు ఎవరి నెత్తిన పడుతుందో తేలాకే ఆ అద్దె ఎక్కువో తక్కువో చెప్పగలం.

ముందు నీళ్లు. ఈ వైపు చాలా కమ్యూనిటీల్లో జలమండలి నీళ్లు ఒక్కటే చాలవు. బోరు నీళ్లు, ఎండాకాలం ట్యాంకరు నీళ్లు అన్నీ ఒకే సంపులో పడతాయి. సాఫ్ట్‌నర్ ప్లాంటు (నీళ్లలో సున్నం తగ్గించేది) ఉందని బ్రోకర్ చెబుతాడు. ఉంటుంది కూడా. దానికి వేళకు ఉప్పు పోసి మళ్లీ పనిచేసేలా (రీజనరేషన్) చేస్తున్నారా అన్నది వాచ్‌మన్‌నో ప్లంబర్‌నో అడిగితేనే తెలుస్తుంది. ఎవరినీ అడగకుండా తెలుసుకోవాలంటే షవర్ తిప్పి చూడండి. రంధ్రాల చుట్టూ తెల్లగా గట్టిపడి, ధార తిన్నగా పడకుండా పక్కలకు చిమ్ముతుంటే గీజరు లోపలా అదే గతి. ఎలిమెంటు మీద సున్నం పేరుకుంటే వేడి నీళ్లకు అందదు. నీళ్లు కాగడానికి ఎక్కువసేపు పడుతుంది, కరెంటు కాలుతుంది, చివరికి ఎలిమెంటే మాడిపోతుంది. ఏడాదికోసారి గీజరు డీస్కేలింగ్ (పేరుకున్న సున్నం వదిలించడం), తుప్పు పట్టకుండా లోపల ఉండే మెగ్నీషియం రాడ్ అరిగిపోతే మార్చడం ఓనర్ ఖర్చేనని అగ్రిమెంటులో రాయించుకోండి. నోటిమాట అస్సలు పనికిరాదు.

వంటగదిలో సింకు కింది అర తెరిచి అడుగుపలకను బొటనవేలితో నొక్కండి. మెత్తగా దిగితే ఎండీఎఫ్ (చెక్కపొడితో చేసిన పలక) చెమ్మకు ఉబ్బిందన్నమాట. ఇంకో వానాకాలానికి లామినేట్ అంచులు లేస్తాయి, ఖాళీ చేసేటప్పుడు ఆ నష్టం మీ అడ్వాన్సులోంచి పోతుంది. బాల్కనీ ఎండ తగిలే రెగ్జిన్ సోఫాదీ ఇదే కథ, పొలుసులు పొలుసులుగా ఊడుతుంది. అందుకే తాళాలు తీసుకునే రోజే ప్రతి వస్తువునీ వీడియో తీసి, ఏసీల సీరియల్ నంబర్లతో సహా జాబితా రాసి ఇద్దరూ సంతకాలు పెట్టాలి. ‘వాడకంలో సహజంగా వచ్చే అరుగుదలకు కోత లేదు’ అన్న ఒక్క వాక్యం ఆ జాబితా కింద ఉంటే సగం గొడవ తీరినట్టే.

కరెంటుకు రెండు లెక్కలుంటాయి. డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) బిల్లు ఒకటి, జనరేటర్ యూనిట్లు ఇంకొకటి. జనరేటర్ యూనిట్ బాగా ఖరీదు, అది మెయింటెనెన్స్ బిల్లులో వస్తుంది. మొదటిరోజే రెండు రీడింగులూ ఫోటో తీయకపోతే పాత అద్దెదారు బాకీ మీ పేరున పడుతుంది. పడమటి వైపు నిలువెత్తు గాజు ఉంటే మే నెలలో సాయంత్రం నాలుగింటికి ఒకటిన్నర టన్ను ఏసీ ఆయాసపడటమే తప్ప గది చల్లబడదు. తూర్పు ముఖం ఫ్లాట్‌కి కాస్త ఎక్కువ అద్దె అడిగినా ఇవ్వొచ్చు.

మెయింటెనెన్స్ అద్దెలో కలిసిందా లేదా అన్నది ముందే తేల్చుకోండి. 3,200 చదరపు అడుగులకు అడుగుకి 4 రూపాయలంటే 12,800. నెలకు 7,500 దాటింది కాబట్టి, పెద్ద కమ్యూనిటీలు దానిమీద 18 శాతం జీఎస్టీ వేస్తాయి, మొత్తం 15,104.

అద్దె నెలకు 50,000 దాటితే టీడీఎస్, అంటే అద్దెలోంచి ముందే పట్టుకుని ప్రభుత్వానికి కట్టే పన్ను, కోయాల్సింది మీరే. 2024 అక్టోబరు నుంచి అది 5 శాతం కాదు, 2 శాతం. నెలకు 1,25,000 అద్దెకు ఏడాదికి 30,000 అవుతుంది. ఓనర్ ఎన్నారై అయితే మాత్రం ఆ 50,000 పరిమితి వర్తించదు, కోత 30 శాతం, పైన సెస్సు. ఇక్కడి ఓనర్లలో అమెరికాలో ఉండేవాళ్లు తక్కువేం కాదు. పవర్ ఆఫ్ అటార్నీ ఉన్న తండ్రో బావమరిదో సంతకం పెట్టినా, చూడాల్సింది అసలు ఓనర్ ఎక్కడ ఉంటున్నారన్నదే.

సెక్యూరిటీ, లిఫ్టులు, పవర్ బ్యాకప్, పిల్లలు ఆడుకునే చోటు బాగున్నాయి, వాటికి వంక పెట్టలేం. ఏడాదో రెండేళ్లో ఉండి వెళ్లేవాళ్లకు సామాను కొని అమ్ముకునే తలనొప్పి తప్పుతుంది. అంతకన్నా ఎక్కువ ఉండేవాళ్లు సెమీ ఫర్నిష్డ్ తీసుకుని మంచం, సోఫా సొంతంగా కొనుక్కోవడం మేలు. ఏదైనా సరే, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో నెల అద్దె కోస్తామని అగ్రిమెంటులో ఉంటే, రెండేళ్ల లోపు ఖాళీ చేస్తే అందులో సగమే అని అడిగి మార్పించుకోండి. సంతకం పెట్టకముందైతే చాలామంది ఒప్పుకుంటారు.