థండర్‌బర్డ్ జంక్ ఫిల్టరు: మూడు భాషల మెయిళ్లతో ఆరేళ్లు

ఒడిశా, ఆంధ్ర సరిహద్దులో ఉన్న పర్లాకిమిడిలో మా బావ జీడిపప్పు వ్యాపారానికి వచ్చే మెయిళ్లన్నీ నేనే చూస్తాను, ఆరేళ్లుగా థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రాములోనే చూస్తున్నాను. బరంపురం, రాయగడ షావుకార్లు ఒడియాలో రాస్తారు. పలాస, టెక్కలి, పాతపట్నం వాళ్లు తెలుగులో రాస్తారు. బ్యాంకు, జీఎస్టీ, లారీ ఆఫీసు సంగతులన్నీ ఇంగ్లీషులో వస్తాయి. ఒకే ఇన్‌బాక్సులో మూడు లిపులు. చెత్త మెయిళ్లని జంక్ అని పక్కకి తీసే ఫిల్టరు ఒకటి థండర్‌బర్డ్‌లో ఉంది, ఒక్క భాషలో మెయిళ్లు వచ్చేవాళ్లకి అది బాగుంటుందని చాలామంది రాశారు. మాలాంటి సరిహద్దు ఊళ్లవాళ్లకి ఎలా ఉంటుందో రాసినవాళ్లు నాకు కనబడలేదు, అందుకే ఇది రాస్తున్నాను.

మొదటి రెండేళ్లు ఏ ఇబ్బందీ లేదు. లాటరీ మెయిళ్లు, లోన్ మెయిళ్లు వాటంతటవే జంక్ ఫోల్డరులోకి పోయేవి. మూడో ఏడు దసరా ముందు బావ నా దగ్గరికి వచ్చి, "ఒరేయ్, బరంపురం షావుకారు ఫోన్ చేశాడు, 320 గ్రేడు పది డబ్బాలు అడిగి నాలుగు రోజులైంది, జవాబే లేదేటి అంటున్నాడు" అన్నాడు. ఆ మెయిల్ రానే లేదన్నాను. ఆ తర్వాత జంక్ ఫోల్డరు తెరిస్తే అదీ ఉంది, దాంతోపాటు ఒడియాలో వచ్చిన మంచి మెయిళ్లు ఇంకో ఏడు ఉన్నాయి. అందులో ఒకటి పాత బాకీ గురించి. పండగ ముందు అమ్మకాల మీదే మాకు ఏడాది గడుస్తుంది, ఆ రోజు పడిన టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

తప్పు ఫిల్టరుది కాదు, నేను నేర్పిన తీరుది. థండర్‌బర్డ్ ఎవరో తయారుచేసిన చెడ్డ మాటల జాబితా పెట్టుకుని పనిచేయదు. మనం ఒక మెయిల్‌ని జంక్ అని గుర్తు పెడితే అందులోని మాటలు ఒక లెక్కలో రాసుకుంటుంది, జంక్ కాదు అంటే ఇంకో లెక్కలో రాసుకుంటుంది. కొత్త మెయిల్ వచ్చినప్పుడు అందులోని మాటలు ఏ లెక్కలో ఎక్కువసార్లు కనబడ్డాయో చూసి తేల్చుకుంటుంది. నేనేం చేశానంటే, ఇళ్ల స్థలాలు, కోచింగ్ సెంటర్ల ప్రకటనలు ఒడియాలో వచ్చినప్పుడల్లా జె మీట నొక్కి జంక్ చేస్తూ పోయాను, ఇన్‌బాక్సులోకి సరిగ్గా వచ్చిన ఒడియా ఆర్డర్లకి మాత్రం జంక్ కాదు అని ఒక్కసారీ చెప్పలేదు, వచ్చేశాయి కదా ఇంక చెప్పడమెందుకు అనుకున్నాను. దాంతో ఆపణంక (మీ), దయాకరి (దయచేసి) లాంటి మామూలు ఒడియా మాటలు కూడా ఫిల్టరుకి జంక్ మాటలైపోయాయి. ప్రకటనలోనూ అవే మాటలుంటాయి, షావుకారు రాసే మర్యాద మాటల్లోనూ అవే ఉంటాయి. తెలుగులో ఈ గొడవ రాలేదు, ఎందుకంటే మాకు తెలుగు ప్రకటనలు తక్కువ.

దిద్దుకోవడానికి ఒక ఆదివారం మొత్తం పట్టింది. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద జంక్ భాగంలో, నేర్చుకున్నదంతా చెరిపేసే రీసెట్ బటన్ ఉంటుంది, ముందు అది నొక్కాను. తర్వాత పాత ఆర్డర్లు తీసి ఒడియావి యాభై, తెలుగువి యాభై, ఇంగ్లీషువి యాభై ఎంచుకుని షిఫ్ట్‌తో కలిపి జె కొట్టాను, అంటే ఇవి జంక్ కాదని చెప్పడం. ఆ పైన ప్రకటనలు కూడా మూడు భాషల్లోవీ చూపించాను. మంచివీ చెడ్డవీ రెండూ చూపిస్తేనే దానికి తేడా తెలుస్తుంది. మీకూ రెండు మూడు భాషల మెయిళ్లు వస్తుంటే ఈ ఒక్క పనీ మొదటిరోజే చేయండి, నేను రెండేళ్లు ఆలస్యం చేశాను.

ఇంకోటి, అకౌంట్ సెట్టింగ్స్‌లో జంక్ సెట్టింగ్స్ దగ్గర అడ్రస్ బుక్‌లో ఉన్నవాళ్ల మెయిల్‌ని జంక్ చేయొద్దు అనే చోటుంది. అక్కడ సొంత అడ్రస్ బుక్‌కీ, మనం జవాబు రాసినవాళ్ల అడ్రసులు తనంతట తాను పోగేసుకునే రెండో పుస్తకానికీ టిక్కు పెట్టాను. పాత షావుకార్ల సంగతి దీంతో తేలిపోయింది. కొత్తగా రాసేవాళ్లకి మాత్రం ఆ నేర్పుడే దిక్కు.

అయినా కొన్ని ఆర్డర్లు కనబడకుండానే పోయేవి, జంక్ ఫోల్డరులో కూడా ఉండేవి కావు. దీనికి చాలా తిప్పలు పడ్డాను. మా మెయిల్ అడ్రసులు నడిపే హోస్టింగ్ కంపెనీ సర్వరులో స్పామ్‌అసాసిన్ అని వేరే ఫిల్టరు నడుస్తోంది, అది మెయిల్ మన కంప్యూటరుకి రాకముందే పక్కకి తోసేస్తోంది. నేనేమో పాప్ పద్ధతిలో మెయిళ్లు దించుకుంటున్నాను, పాప్‌లో ఇన్‌బాక్సు ఒక్కటే దిగుతుంది, సర్వరులో ఉన్న స్పామ్ ఫోల్డరు ఉన్నట్టే తెలియదు. సర్వరులోని ఫోల్డర్లన్నీ చూపించే ఐమ్యాప్ పద్ధతికి మారి, అకౌంట్ పేరు మీద కుడి క్లిక్ చేసి సబ్‌స్క్రయిబ్‌లో ఆ ఫోల్డరుకి టిక్కు పెడితే గానీ ఎడమ పక్క కనబడలేదు. తెరిచి చూస్తే అందులో గుణుపురం నుంచి వచ్చిన ఆర్డర్లు వరసగా ఉన్నాయి!

అవెందుకు పోయాయో తెలుసుకోవాలంటే మెయిల్ తెరిచి కంట్రోల్, యు నొక్కండి. పైన వచ్చే సాంకేతిక గోలలో ఎక్స్-స్పామ్-స్టేటస్ అనే వరస ఉంటుంది, మొత్తం ఎన్ని పాయింట్లు పడ్డాయో, మామూలుగా ఏయే కారణాలకి పడ్డాయో కూడా అందులో రాసి ఉంటుంది. స్పామ్‌అసాసిన్‌లో మామూలుగా 5 పాయింట్లకి చేరితే స్పామే. గుణుపురం ఆయన ఆర్డరు కాగితం మీద రాసి, ఫొటో తీసి, మెయిల్‌లో ఒక్క మాట కూడా రాయకుండా పంపేవాడు. బొమ్మ ఉండి మాటలు లేని మెయిల్‌కి ఈ ఫిల్టరు పాయింట్లు వేస్తుంది, సబ్జెక్టు అంతా పెద్ద అక్షరాల్లో ఉంటే ఇంకొన్ని వేస్తుంది. ఫోన్ చేసి, "బాబూ, ఫొటోతో పాటు రెండు ముక్కలు రాయండి, ఎన్ని డబ్బాలో, ఏ గ్రేడో" అని అడిగాను, ఆయన వెంటనే ఒప్పుకున్నాడు. హోస్టింగ్ పేజీలో హద్దు 5 నుంచి 6కి పెంచాను, అంకె పెరిగితే ఫిల్టరు మెత్తబడుతుంది. స్పామ్‌ని దానంతట అది చెరిపేసే ఆప్షన్ ఉంటే మాత్రం తీసేయండి, చెరిపేశాక మనం వెతుక్కునే చోటు ఉండదు. ఎవరి మెయిళ్లు ఆపకూడదో చెప్పే అనుమతి జాబితా కూడా అక్కడే ఉంటుంది, అందులో ఒక్కొక్క అడ్రసే పెట్టండి. జీమెయిల్ నుంచి వచ్చేవన్నీ రానీ అని ఒక్క గీతలో రాస్తే చెత్తంతా లోపలికి వచ్చేస్తుంది. మన సొంత డొమైన్ (అడ్రసులో @ తర్వాత వచ్చే మన పేరు) కూడా అందులో పెట్టొద్దు, మన పేరుతోనే దొంగ మెయిళ్లు పంపేవాళ్లున్నారు.

థండర్‌బర్డ్‌లో నాకు నచ్చని సంగతి ఒకటే. నేర్చుకున్నదంతా ఆ ఒక్క కంప్యూటరులోనే ఉంటుంది, ట్రైనింగ్ డాట్ డ్యాట్ అనే ఫైల్‌లో. షాపులో ఉన్న కంప్యూటరుకి తెలిసింది ఇంట్లో ల్యాప్‌టాప్‌కి తెలియదు. పోయినేడు కంప్యూటరు మార్చినప్పుడు ఆ ఫైల్ ఉండే ప్రొఫైల్ ఫోల్డరు మొత్తం పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి కొత్తదాంట్లో పెట్టాను, లేకపోతే ఆ ఆదివారం పని మళ్లీ మొదటినుంచి చేయాల్సి వచ్చేది.

ఇప్పుడు నెలకి ఒకటో రెండో మంచి మెయిళ్లు జంక్‌లో పడుతున్నాయి, అవీ ఎక్కువగా ఒడియాని ఇంగ్లీషు అక్షరాల్లో రాసేవాళ్లవి. అలాంటివి నేను దానికి ఇంకా తగినన్ని చూపించలేదు. శనివారం సాయంత్రం షాపు కట్టే ముందు జంక్ ఫోల్డరు, సర్వరులోని స్పామ్ ఫోల్డరు రెండూ తెరిచి చూసుకుంటున్నాను, పోయిన వారం కూడా ఒక 240 గ్రేడు ఆర్డరు అలాగే దొరికింది, షిఫ్ట్ జె కొట్టి బావకి పంపించాను.