చిక్‌పేట చీరల కొట్లో బ్లూటూత్ స్కానర్: రెండేళ్లు వాడాక

మా మామయ్యకి బెంగళూరు చిక్‌పేటలో ధర్మవరం పట్టుచీరల హోల్‌సేల్ కొట్టుంది. కింద కౌంటర్, మెట్లెక్కితే గోడౌన్. బిల్లింగ్ ప్రోగ్రామ్ నేనే పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిచ్చాను. బ్లూటూత్ బార్‌కోడ్ స్కానర్ ఎలక్ట్రానిక్స్ కొట్లుండే ఎస్పీ రోడ్డులో బేరమాడి కొన్నాం. రెండేళ్లు దాటింది. కంపెనీ పేరు రాయను, ఈ తంటాలు చాలావరకు ఈ రకం స్కానర్లన్నిటికీ ఉన్నవే.

పెట్టెలోంచి తీసినప్పుడు అది కీబోర్డ్ మోడ్‌లో ఉంది. అంటే కంప్యూటర్ దాన్ని ఇంకో కీబోర్డ్ అనుకుంటుంది. కర్సర్ ఎక్కడుంటే కోడ్ అక్కడ పడుతుంది, చివర ఎంటర్ కూడా అదే కొట్టేస్తుంది. మొదటి వారంలోనే, చీరలు పంపే ధర్మవరం షావుకారుతో మామయ్య కంప్యూటర్‌లో వాట్సాప్ తెరిచి మాట్లాడుతుంటే, పక్కన కుర్రాడు మూడు చీరలు స్కాన్ చేశాడు. మూడు కోడ్లూ మెసేజీలై వెళ్లిపోయాయి. “ఏందప్పా ఇది, లాటరీ నంబర్లా?” అని జవాబు.

అంతకన్నా తలనొప్పి తెలుగు కీబోర్డ్. మా లేబుళ్ల మీద కోడ్ ఇంగ్లీషు ‘కె’తో మొదలవుతుంది. ఇన్‌స్క్రిప్ట్ (తెలుగు కీబోర్డ్ అమరిక) ఆన్‌లో ఉండగా స్కాన్ చేస్తే ఆ పెద్ద ‘కె’ కాస్తా ‘ఖ’ అయిపోతుంది. ‘ఖ1042’ అనే చీర స్టాకులో ఎక్కడ దొరుకుతుంది?

అందుకే సీరియల్ మోడ్‌కి మారాను. అందులో కోడ్ కర్సర్ దగ్గర పడదు, నేరుగా నా ప్రోగ్రామ్‌కే వస్తుంది. మాన్యువల్‌లో ఎస్‌పీపీ (సీరియల్ పోర్ట్ ప్రొఫైల్) అని ఉన్న బార్‌కోడ్‌ని స్కాన్ చేస్తే మోడ్ మారింది. విండోస్‌లో పాత పెయిరింగ్ (బ్లూటూత్ జత) తీసేసి మళ్లీ చేయాలి. అప్పుడు రెండు కామ్ పోర్టులు (ప్రోగ్రామ్ డేటా అందుకునే దారులు) వచ్చాయి, ఇన్‌కమింగ్ ఒకటి, అవుట్‌గోయింగ్ ఒకటి. కంప్యూటరే స్కానర్‌ని పిలవాలి కాబట్టి తెరవాల్సింది అవుట్‌గోయింగ్. ఈ ఒక్క ముక్క తెలియక నాకో ఆదివారం పోయింది. బాడ్ రేట్ (డేటా వేగం) గురించి టెన్షన్ వద్దు. 9600 పెట్టినా 115200 పెట్టినా ఒకటే, తీగే లేనప్పుడు ఆ అంకె పేరుకే.

అసలు తంటా ఆ తర్వాత మొదలైంది. పైసీరియల్ అనే పైథాన్ లైబ్రరీలో, లైను పూర్తయ్యేదాకా చదివే రీడ్‌లైన్ రాసుకుని కూర్చున్నాను. స్కానర్ బీప్ అంటుంది, స్క్రీన్ మీద ఏమీ రాదు. వచ్చిన బైట్లన్నీ విడివిడిగా ప్రింట్ చేసి చూస్తే చివర 13 (క్యారేజ్ రిటర్న్) ఉంది, 10 (కొత్త లైను గుర్తు) లేదు. రీడ్‌లైన్ ఎదురుచూసేది 10 కోసం. టైమవుట్ (ఎంతసేపు ఆగాలో గడువు) పెట్టలేదు గనక తెల్లారినా అలాగే ఉండేది. చెప్పిన అక్షరం దాకా చదివే రీడ్ అంటిల్ వాడి, 13 దగ్గర ఆగమని చెప్పాక దారికొచ్చింది. స్కానర్ చివర పంపే అక్షరాన్ని మార్చే బార్‌కోడ్ కూడా మాన్యువల్‌లో ఉంది కానీ, ఎవరైనా ఫ్యాక్టరీ రీసెట్ బార్‌కోడ్ మీద గురిపెట్టారంటే ఆ మార్పు గల్లంతే. మా కుర్రాడు ఆ పని చేశాడు కూడా. అప్పట్నుంచీ మాన్యువల్ బీరువాలో ఉంది.

కాసేపు ముట్టుకోకపోతే స్కానర్ నిద్రపోతుంది. అది లేచాక పోర్టు తెరిచే ఉన్నట్టుంటుంది గానీ కోడ్ రాదు. చదివే పని వేరే థ్రెడ్‌కి (ప్రోగ్రామ్‌లో పక్కనే విడిగా నడిచే భాగానికి) అప్పగించి, ఎర్రర్ వస్తే పోర్టు మూసేసి రెండు సెకన్లాగి మళ్లీ తెరిచేలా రాశాను. తిరిగి కలవడానికి ఐదారు సెకన్లు పడుతుంది. పెళ్లిళ్ల సీజన్‌లో మామయ్యకి అదీ ఎక్కువే. “అల్లుడూ, నా రాత పుస్తకమే నయం రా!”

రేంజ్ విషయంలో మొదట్లో స్కానర్‌నే తిట్టాను. మెట్ల దగ్గరికి వెళ్లగానే తెగిపోయేది. తప్పు నాదే. బ్లూటూత్ డాంగిల్‌ని (కంప్యూటర్‌కి బ్లూటూత్ ఇచ్చే చిన్న ముక్కని) సీపీయూ వెనక నీలం రంగు యూఎస్‌బీ 3.0 పోర్టులో, బ్యాకప్ హార్డ్‌డిస్క్ పక్కనే గుచ్చాను. యూఎస్‌బీ 3.0లో డేటా నడుస్తుంటే పుట్టే రేడియో రొద 2.4 గిగాహెర్ట్జ్‌లోనూ పడుతుంది, బ్లూటూత్ ఉండేదీ అక్కడే. మీటరు ఎక్స్‌టెన్షన్ కేబుల్ తెచ్చి డాంగిల్‌ని కౌంటర్ మీద పెట్టాక సగం మెట్ల దాకా అందుతోంది. గోడౌన్‌లోకి మాత్రం ఇప్పటికీ అందదు. అక్కడ మెమరీ మోడ్‌లో (కోడ్లు స్కానర్‌లోనే దాచుకునేలా) స్కాన్ చేసుకుని, కిందికొచ్చి అప్‌లోడ్ చేస్తాం.

ఇంకో మాట, బీప్‌ని నమ్మకండి. అది స్కానర్ కోడ్ చదివిందని చెప్తుందంతే, కంప్యూటర్‌కి చేరిందని కాదు. చీర బిల్లులోకి ఎక్కగానే స్పీకర్‌లో టింగ్‌మనేలా పెట్టాను. ఆ టింగ్ వినపడందే మా కుర్రాడిప్పుడు చీర మడత పెట్టడు.

కౌంటర్ దగ్గరే స్కాన్ చేసే చిన్న కొట్టయితే తీగ స్కానర్ కొనుక్కోండి, ఈ గొడవ లేదు. మాలాగా చీర ఉన్న చోటికి స్కానర్ వెళ్లాలంటే ఇదే మేలు, కాకపోతే కోడ్ రాసేవాడు ఇంట్లో ఉండాలి. బ్యాటరీ మొదట్లో రెండు రోజులొచ్చేది, ఇప్పుడు సాయంత్రం ఐదింటికే ఎర్రలైటు.