పాత యెజ్డీ రోడ్‌కింగ్: ఇంట్లో విప్పాలా, మెకానిక్‌కి ఇవ్వాలా?

యెజ్డీ బైకులు తయారుచేసిన మైసూరు ఫ్యాక్టరీ 1996లోనే మూతపడింది, కాబట్టి షెడ్డులో దుమ్ము పట్టిన రోడ్‌కింగ్ ఎంత కొత్తదైనా పాతదే. స్పానర్ పట్టే ముందు ఆర్‌సీ ఎక్కడుందో వెతకండి.

ఖర్చు: ఇంట్లో అయితే పార్టులకే, అదీ నెలనెలా కొంచెం. బయట కూలీతో కలిపి ఒకేసారి.

శ్రమ: ఇంట్లో ఆదివారాలన్నీ దానికే. బయట ఫోన్లు చేసి అడగడమే, కానీ నెలలు పట్టొచ్చు.

రిస్క్: అసలు విషయం ఇదే. టూ స్ట్రోక్ బండి ఏళ్లు కదలకుండా ఉంటే క్రాంక్ (పిస్టన్ నడిపితే తిరిగే ఇరుసు) దగ్గరి రబ్బరు ఆయిల్ సీళ్లు గట్టిపడి పక్కనుంచి గాలి లాగుతాయి, దాంతో పెట్రోలు, ఆయిలు చాలక ఇంజిన్ వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది, అందుకే స్టార్ట్ అయింది కదా అని వెంటనే రోడ్డెక్కించకండి. పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే కనెక్టింగ్ రాడ్ పోతే క్రాంక్‌ని ప్రెస్ మెషిన్‌లో విడదీయాలి, అది ఇంట్లో జరగదు. బయట వేరే భయం, ఒరిజినల్ పార్టులు మారిపోతాయి. నా కార్బురేటర్ అలాగే పోయింది, ఇప్పటికీ బాధే. పార్టులన్నీ ఫోటోలు తీసుకున్నాకే బండి ఇవ్వండి.

కిక్ కిందికి దిగి, తుప్పు ట్యాంకులోనూ వైరింగ్‌లోనూ మాత్రమే ఉంటే ఇంట్లోనే చేయండి. కిక్ బిగుసుకుపోతే ఇంజిన్ ఒక్కటే దించి, జావా, యెజ్డీలు తెలిసిన మెకానిక్‌కి ఇవ్వండి, మిగతాది మీరే చూసుకోవచ్చు.