డైసీ సెంటు: నెల్లూరు ఉక్కపోతలో రెండేళ్లు

మార్క్ జేకబ్స్ బ్రాండు సెంటు డైసీ 2007లో వచ్చింది. దీన్ని కూర్చింది ఆల్బెర్టో మొరియాస్ అనే సెంట్ల నిపుణుడు. నేను వాడుతున్నది ఓ ద టాయిలెట్, అంటే పరిమళం పాలు తక్కువగా ఉండే రకం, 50 మి.లీ. సీసా. ఒక్క నొక్కుకు దాదాపు 0.1 మి.లీ. పోతుంది కాబట్టి రోజుకు రెండు నొక్కుల లెక్కన సీసా ఎనిమిది నెలలు వస్తుంది. ఇప్పుడు మూడోది అడుగంటుతోంది.

కొట్టగానే వచ్చేది స్పిరిట్ ఘాటు, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. అర నిమిషం ఆగితే గ్రేప్‌ఫ్రూట్ పులుపు, స్ట్రాబెర్రీ తీపి, వాటి వెనకే అప్పుడే కోసిన కీరదోస లాంటి పచ్చి వాసన. ఆ పచ్చిదనం వయొలెట్ ఆకుది. షాపులో చాలామంది ఇది చూసే డబ్బు కట్టేస్తారు. కానీ పుల్లటి పండ్ల వాసనలు తేలికవి, ముందు ఎగిరిపోయేవి అవే. ఏసీ గదిలో ఇరవై నిమిషాలు నిలిచేది రోహిణి కార్తెలో బయటికెళ్తే పదికే పోతుంది.

అసలు సెంటు అరగంట తర్వాత మొదలవుతుంది. గంధరాజం, మల్లె, వయొలెట్ పూలు కలిసిన వాసన. గంధరాజం పూల నుంచి తైలం తీయడం గిట్టుబాటు కాదు, సెంట్లలో ఆ పరిమళాన్ని వేరే పదార్థాలతో కట్టుకొస్తారు. ఇందులో మల్లె కూడా మన మల్లె కాదు. రాత్రంతా తల్లో ఉన్న చెండుకు తెల్లారేసరికి ఒక బరువు వాసన పడుతుందే, ఇండోల్ అనే పదార్థం వల్ల వచ్చేది, అది ఇక్కడ తగలదు. ఉతికి ఆరేసిన మల్లె అనుకోండి. నాకు అదే నచ్చింది. ఘాటుగా కావాలనుకునేవాళ్లకు మాత్రం చప్పగా ఉంటుంది.

ఈ దశలోనే ‘గంటకే పోయింది’ అనే మాట పుడుతుంది. వయొలెట్ వాసనకు ఆధారం అయొనోన్లు అనే పదార్థాలు. అవి ముక్కును కాసేపు మొద్దుబారుస్తాయి. మనకు తెలియదు, పక్కవాళ్లకు తెలుస్తూనే ఉంటుంది. పోయిందనుకుని మళ్లీ కొడితే షేర్ ఆటోలో పక్కనున్నవాళ్లు మొహం తిప్పుకుంటారు.

మూడో గంట నుంచి మిగిలేది కస్తూరి తరహా మెత్తని వాసన, కొంచెం వెనీలా. కరెంటు పోయి చెమట పట్టిందంటే ఈ వెనీలా జిగటగా, పాకంలా అనిపిస్తుంది. ఎండాకాలం ఒక్క నొక్కే చాలు. నాలుగు గంటలు దాటితే చర్మానికి ముక్కు ఆనించాల్సిందే. ఓ ద టాయిలెట్ అంటేనే అంత. ప్రకాశం మెట్టలో గాలి పొడి, ఒళ్లూ పొడిబారుతుంది, అక్కడ ఇంకా ముందే పోతుంది.

స్నానం చేసి, ఒళ్లు పూర్తిగా ఆరాక, మోచేతి మడతలో వాసన లేని వాజిలీన్ పలచగా రాసి దానిపైన కొడితే ఇంకో గంట లాగుతుంది. జానెడు దూరం నుంచి కొట్టాలి. మణికట్లు రుద్దుకోవద్దు, ఆ వేడికి పై వాసన తొందరగా పోతుంది. తలకు కొబ్బరినూనె, మెడకు పౌడరు ఉంటే ఈ సెంటు వాటికింద అణిగిపోతుంది. నూలు బట్ట మీద సాయంత్రం దాకా నిలుస్తుంది, పట్టు మీదా జరీ మీదా వద్దు, మరక పడుతుంది. పెళ్లికి కూడా ఇది చాలదు, మల్లెచెండ్ల మధ్య దీని ఉనికే తెలియదు.

సీసాను పడమటి గోడకు ఆనుకున్న ఇనుప బీరువాలో పెట్టొద్దు. మే నెలలో ఆ బీరువా పొయ్యిలా కాగుతుంది. అట్టపెట్టెతో సహా చెక్క అలమర కింది అరలో ఉంచితే చాలు. పండ్ల వాసన బదులు వెనిగర్ లాంటి పులుపు వస్తున్నా, రంగు ముదురుతున్నా పాడవుతున్నట్టే.

కొనేముందు కాగితం చీలిక మీద కాదు, చేతి మీద కొట్టించుకోండి. ట్రంకు రోడ్డులో మిగతా పనులు చూసుకుని ముప్పావుగంట తర్వాత వాసన చూడండి. దురద, ఎర్రదనం లాంటివి ఒక్కోసారి మర్నాటికి గానీ బయటపడవు, కాబట్టి డబ్బు కట్టడం మర్నాడు పెట్టుకోండి.