సుడిగాలి మిగిల్చిన నష్టాన్ని చదివించే పటం

అమెరికా జాతీయ వాతావరణ సేవ ఉచితంగా అందిస్తున్న ‘డ్యామేజ్ అసెస్‌మెంట్ టూల్‌కిట్’ అనే ఆన్‌లైన్ పటాన్ని, వాతావరణాన్ని పరిశోధించే గాదంకి రాడార్‌కు ఇంత చేరువలో ఉన్న తిరుపతిలో వాతావరణశాస్త్రంపై ఆసక్తి గల విద్యార్థులు తప్పక పరిశీలించాలి.

2021 డిసెంబరు 10 రాత్రి, అంటే టోర్నడోల ప్రధాన కాలం ఎప్పుడో ముగిశాక, అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో మేఫీల్డ్ పట్టణాన్ని ధ్వంసం చేసిన సుడిగాలి సాగిన సుమారు 266 కిలోమీటర్ల దారిని ఇందులో చూడవచ్చు. ఒక్కొక్క బిందువును నొక్కితే అక్కడ ఏ రకం కట్టడం ఉండేది, అది ఎంతవరకు దెబ్బతిన్నది, దాన్నిబట్టి గాలి వేగాన్ని ఎంతగా అంచనా వేశారు అన్న వివరాలు కనిపిస్తాయి. ఇక్కడ గాలిని ఎవరూ నేరుగా కొలవలేదన్నదే గ్రహించవలసిన విషయం. సుడిగాలుల తీవ్రతను 0 నుంచి 5 వరకు వర్గీకరించే, 2007 నుంచి అమలులో ఉన్న ఈఎఫ్ స్కేలు 28 రకాల నష్ట సూచికలను (అంటే దెబ్బతిన్న కట్టడాల, చెట్ల రకాలను) ఆధారం చేసుకుంటుంది కాబట్టి, పునాదికి సరిగా బిగించని ఇల్లు పూర్తిగా కొట్టుకుపోయినా దానికి తక్కువ వేగమే కేటాయిస్తారు. మేఫీల్డ్ సుడిగాలికి గంటకు 190 మైళ్ల అంచనాతో ఈఎఫ్-4 దక్కింది. 200 మైళ్లు దాటితేనే ఈఎఫ్-5.

ఆ సూచికలు అమెరికా కట్టడాలకు తగినవి. మన పెంకుటిళ్లకూ రేకుల షెడ్లకూ వాటిని యథాతథంగా వర్తింపజేయడం సరికాదు (మన కట్టడాలకు తగిన సూచికలను ఇక్కడివారే రూపొందించాలి). వేగాలు మైళ్లలో ఉండటం చిన్న అసౌకర్యమే.