సమాన వేతనం క్లెయిమ్: బకాయి ఏ లెక్కన కట్టాలి?

"ఒకే పని చేస్తున్నాం, మగవాళ్లకి ఎక్కువ ఇస్తున్నారు. క్లెయిమ్ వేస్తే మాకెంత వస్తుంది?" యూనియన్ ఆఫీసుకి వచ్చే ఆడవాళ్లు పదేపదే అడిగేది ఇదే. లెక్క రెండు రకాలుగా కట్టొచ్చు. అదే పని చేసే మగ కార్మికుడి కూలితో తేడా చూడొచ్చు, లేదా కనీస వేతనంతో తేడా చూడొచ్చు.

కనీస వేతనం లెక్క తేలిక. జీవో చేతిలో ఉంటే చాలు, ఎవరితోనూ పోల్చక్కర్లేదు. కానీ వచ్చేది తక్కువ. ఆమెకి రోజుకి 450, కనీస వేతనం 480, అతనికి 600 అనుకోండి. ఈ లెక్కలో రోజుకి 30 వస్తే, అతనితో పోలిస్తే 150 వస్తుంది. పైగా ఆ 30 ఇచ్చేశాక కూడా వివక్ష అలాగే ఉంటుంది. అందుకే నా మొగ్గు మగ కార్మికుడితో పోల్చే లెక్కకే.

ఇందులో అసలు కీలకం ఎవరితో పోలుస్తున్నామన్నది. హోదా పేరు కాదు, నైపుణ్యం, శ్రమ, బాధ్యత సమానమా అని చూస్తారు. ప్యాకింగ్ లైన్‌లో ఇద్దరూ అట్టపెట్టెలే సీల్ చేస్తుంటారు. అతను ఎప్పుడో ఓసారి లోడింగ్‌కి వెళ్తాడని అతని గ్రేడు పైన వేస్తారు. నెలలో ఎన్నిసార్లు వెళ్లాడో తేదీలతో రాసి పెట్టుకోండి, కేసు నిలబడేది దాని మీదే. సాక్ష్యానికి రమ్మంటే తమ కూలి తగ్గిస్తారేమోనని మగవాళ్లు జంకుతారు. ఆడవాళ్లకి సమానం చేసే పేరుతో ఎవరి కూలీ తగ్గించకూడదని చట్టంలోనే ఉంది, ఆ మాట వాళ్లకి చెప్పండి. కంపెనీకి స్తోమత లేదన్న జవాబు చెల్లదని మెకిన్నన్ మెకంజీ కేసులో 1987లోనే సుప్రీంకోర్టు తేల్చింది.

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్‌లో క్లెయిమ్‌కి గడువు మూడేళ్లు. ఇవాళ్టి తేడా 150ని, ఏడాదికి 312 రోజుల చొప్పున మూడేళ్లకీ వేస్తే 1,40,400 అవుతుంది. కానీ నిరుడు తేడా 120, అంతకు ముందు 100 అయితే అసలు బకాయి 1,15,440. ఏ ఏడాది తేడా ఆ ఏడాదికే, అదీ హాజరైన రోజులకే కట్టాలి. పెంచి రాస్తే విచారణలో ఆమె చెప్పే మిగతా మాటలనీ నమ్మరు.

తేలిన బకాయికి పది రెట్ల వరకు పరిహారం ఇప్పించే అధికారం క్లెయిమ్ విచారించే అధికారికి ఉంది గానీ, దాన్ని అంచనాలో కలపొద్దు. యాజమాన్యం టోకుగా ఇస్తానంటే, లెక్క తేలకముందు సంతకం పెట్టొద్దు.

మిర్చి తొడిమలు తీసే చోట అందరూ ఆడవాళ్లే ఉంటే పోల్చడానికి మగ కార్మికుడు దొరకడు, అక్కడ కనీస వేతనమే దారి. మిగతా చోట్ల మగ కార్మికుడితో తేడాని ప్రధానంగా, కనీస వేతనంతో తేడాని ప్రత్యామ్నాయంగా ఒకే దరఖాస్తులో రాయండి.