సన్‌రే షాడోనా, రెడ్ ఫ్రాన్సెసా?

సముద్రం వదిలి నదిలోకి ఎగబాకిన అట్లాంటిక్ సాల్మన్ చేప ఇక మేత ముట్టదు. అందుకే దానికి గాలంతో వేసే ఫ్లై, అంటే వెంట్రుకలతోనో ఈకలతోనో కట్టిన ఉత్తుత్తి ఎర, ఆకలి తీర్చేది కాదు, కవ్వించేది. ఆ కవ్వింపులో సన్‌రే షాడో, రెడ్ ఫ్రాన్సెస్ అనే ఈ రెండు ఫ్లైలదీ చెరో దారి.

సన్‌రే షాడోను రే బ్రూక్స్ నార్వే నదుల్లో వాడకానికి తెచ్చాడు. సన్నని ప్లాస్టిక్ గొట్టం, దాని మీద పొడవాటి నల్లని వెంట్రుకలు, అంతే. చూస్తే ఎర అనిపించదు. ఎవరి జడ నుంచో తెగిన పాయలా ఉంటుంది. నీటి పైపొరలో దీన్ని చేత్తో చకచకా లాగాలి. తేట నీటిలో, నీటి వేడి 10 డిగ్రీలు దాటాక, చేప మడుగు అడుగు నుంచి దూసుకొచ్చి అల లేపుతూ వెంటాడుతుంది. పట్టకపోయినా అది ఎక్కడుందో తెలిసిపోతుంది. నాకు ఆ వెంటాడటమే సగం వేట.

రెడ్ ఫ్రాన్సెస్ ఐస్‌లాండ్‌లో పేరుమోసింది. ఎర్రని ఒళ్లు, పొడవాటి మీసాలు, అచ్చం రొయ్యే. బరువైన లోహపు తల ఉన్న రకం చల్లని, లోతైన నీటిలో దిగి చేప ముక్కు ముందే మెల్లగా కదులుతుంది. లోతు తక్కువైతే మాత్రం రాళ్లకు తగులుకుంటుంది, చేపలనూ బెదరగొడుతుంది. ఒకే మడుగులో రెండూ వేయాలనుకుంటే దీన్ని చివరికి దాచుకోండి.